మూడో వాయి బిళ్ళలో ఎంత బలం

209వ రోజు

ఈ పుస్తకం నా చేతికొచ్చి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. మా చాక్లెట్ పాకలో ఎవరు అందరికంటే కొత్తగా చేరితే వాళ్ళే రోజూ జరిగింది రాయాలి. రాసింది సాయంత్రం పొయ్యిలు ఆర్పాక అందరి ముందూ చదవాలి. ఒక్క ముక్క కూడా దాటేయకూడదు.

రాయడం నాకు ఇష్టమే, చదవడమే కష్టం. నేను ఐదో తరగతి దాకా చదువుకున్నాను, అది మా పుట్టింట్లో, సముద్రానికి అడ్డంగా కట్టిన మూడో కట్ట ఊళ్ళో. ఇక్కడ ఏడో కట్టకు కోడలిగా వచ్చి నాలుగు నెలలయింది. పది మంది ఎదురుగా కూర్చుంటే గొంతు లోపలికి పోతుంది. నిన్న బుల్లెమ్మ పిన్ని, "ఏమ్మా వరాలూ, పొయ్యికి చెప్తన్నావా, మాక్కూడా చెప్తన్నావా" అంది. నా పేరు వరహాలు. ఇక్కడందరూ వరాలనే పిలుస్తారు.

ఇవాళ గేదె పాలు అరవై లీటర్లు వచ్చాయి. ఎప్పటిలాగే మూడు వాయిలు. తొలి వాయికి పాలు వచ్చినవి వచ్చినట్టే పోసి కోవా కాచారు. తర్వాత మిగిలిన పాలను మరలో వేసి వెన్న తీశారు. ఆ వెన్న కాచిన నెయ్యి బాలింతలకూ బడి పిల్లల ముద్దల్లోకీ వెళుతుంది. వెన్న తీసిన పాలతో రెండో వాయి, మూడో వాయి. మూడింటిలోకీ కోకో ఒక్కటే, మా కొబ్బరిచెట్ల నీడలో కాసినదే. తాటిబెల్లమూ ఒక్కటే. అచ్చుల్లో పోసి, ఆరాక ఎండిన అరిటాకులో చుట్టాం. తొలి వాయి ముప్పై బిళ్ళలు, మిగతావి మూడు వందల డెబ్భై.

అచ్చులు కడిగి కట్ట వాలు మీద ఆరబెట్టాను. కట్ట పైకి ఎక్కితే అవతల సముద్రం మన ఇంటి కప్పుకంటే ఎత్తున కనబడుతుంది. మా పుట్టింట్లోనూ అంతే గాని, ఇక్కడ కట్ట ఇంకా ఎత్తు.

కొలత గది నుంచి చీటీ వచ్చింది. ఒక్క బిళ్ళ ఇరవై అయిదు గ్రాములు. బలం 118 కేలరీలు. కొవ్వు ఆరున్నర గ్రాములు, మాంసకృత్తులు రెండు పాయింట్ నాలుగు, చక్కెర పన్నెండున్నర. కట్ట బాగుచేయడానికి నీళ్ళలో మునిగేవాళ్ళ కోసం చేసే తిండిలో తొమ్మిది కట్టల్లోనూ ఇంత బలమున్నది ఇంకోటి లేదట. పన్నెండేళ్ళుగా ఆ నంబరు తగ్గలేదు. ఈ పాక నడిపేది మా అత్త సత్తెమ్మ. ఎవరైనా మీ అత్తగారెవరని అడిగితే చెప్పడానికి నాకు గొప్పగా ఉంటుంది.

212వ రోజు

నాలుగు రోజుల కిందట కట్ట అడుగున, సముద్రం వైపు, బుంగ పడింది. నీళ్ళు ఇంకా లోపలికి రాలేదు. పౌర్ణమి పోటు వచ్చేలోపు పూడ్చాలని మునిగేవాళ్ళు ముప్పై మందీ రోజూ దిగుతున్నారు. ఇంతకు ముందైతే వారానికొకసారి దిగి గంటన్నరలో వచ్చేసేవారట. ఇప్పుడు నడుం పట్టీ ఎంతసేపు ఒప్పుకుంటే అంతసేపూ ఉంటున్నారు.

మా ఆయన నూకరాజు అందరికంటే లోతుకు దిగుతాడు. పొద్దున పన్నెండు బిళ్ళలు తింటాడు. అంతకు మించితే నీళ్ళలో కడుపు తిప్పుతుంది. తిన్న బిళ్ళల లెక్కా చీటీ నంబరూ నొక్కితే ఆ పట్టీ ఏడు కేలరీలకు ఒక నిమిషం ఇస్తుంది. బిళ్ళకు పదిహేడు నిమిషాలు, పన్నెండింటికి మూడు గంటల ఇరవై నాలుగు. ఆ నిమిషాలు అయిపోతే పట్టీ అదురుతుంది, పైవాళ్ళు తాడు లాగుతారు. అంతదాకా లాగరు. నీళ్ళు ఎంత వెచ్చగా తోచినా గంటలకొద్దీ ఉంటే ఒంట్లో వేడంతా లాగేస్తాయి. ఆ వేడికి బదులే మా బిళ్ళ.

సాయంత్రం ఆయన పాక దగ్గరికి వచ్చినప్పుడు బెల్లం తూచే కాటా ఖాళీగా వేలాడుతోంది. పట్టుకుని వేలాడమన్నాను.

"నన్ను బెల్లం బస్తా అనుకున్నావేటే?"

"ఒక్కసారి, మావా. కాళ్ళు పైకెత్తు."

అరవై ఒక్క కిలోలు.

213వ రోజు

నిన్నటి పేజీ చదివాక పాకలో నవ్వులు ఆగలేదు. "మొగుణ్ణి కాటాకేసిన ఆడదాన్ని ఇప్పుడే చూస్తన్నా. కిలో ఎంతకిస్తావే?" అంది బుల్లెమ్మ పిన్ని. నాకు చెవుల దాకా వేడెక్కింది.

అత్త మాత్రం నవ్వలేదు. ఎందుకలా తూచావని అడిగింది. మా కట్టలో మునిగేవాళ్ళను ఎనిమిది రోజులకోసారి తూస్తారనీ, బరువు తగ్గితే దించరనీ చెప్పాను. మా నాన్నే తూచేవాడు.

"అక్కడ మనిషిని తూస్తారు, ఇక్కడ తిండిని తూస్తాం. తిండి సరిగ్గా ఉంటే మనిషి సరిగ్గానే ఉంటాడు," అంది అత్త. అదీ నిజమే అనిపించింది.

ఇవాళ పాలు యాభై ఎనిమిది లీటర్లు. చీటీ 118.

220వ రోజు

మా ఆయన అరవై కిలోలు. పాలు అరవై లీటర్లు. చీటీ 118. కోకో గింజలు వేయించేటప్పుడు మాడ్చినందుకు అత్తతో తిట్లు తిన్నాను. మాడినవి ఏరి పారేశాను.

226వ రోజు

యాభై ఎనిమిదిన్నర.

ఇవాళ ఆయన పైకి వచ్చేసరికి నేను కట్ట మీదే ఉన్నాను, అచ్చులు తిరగేస్తూ. గట్టెక్కాడు గాని పట్టీ విప్పుకోలేకపోయాడు. వేళ్ళు ముడి దగ్గరికి వెళుతున్నాయి, పట్టు చిక్కడం లేదు. పెదాలు నేరేడుపళ్ళలా ఉన్నాయి. నేనే విప్పాను. పట్టీలో ఇంకా పదకొండు నిమిషాలు ఉన్నట్టు చూపిస్తోంది.

"ఇంకా ఉన్నాయే నిమిషాలు. నేనే ముందొచ్చేశాను. రేపు చూసుకుంటాలే," అన్నాడు. పళ్ళు కొట్టుకుంటున్నాయి.

ఇంకో నాలుగు రోజులకు, అంటే 230వ రోజున, బుంగ లోపలికి దూరి అడుగు నుంచి మట్టి బస్తాలు పేర్చాలట. ఆ ఇరుకులో ఒకసారికి పట్టేది ఒక్క మనిషే. ముందు దూరేది ఆయనే. లోపల వంపు ఉంది గనక తాడు లాగినా మనిషి రాడు. తన చేతులతో పాక్కుంటూ తనే బయటికి రావాలి.

ఆ చేతులు ఇవాళ ముడి విప్పలేకపోయాయి.

227వ రోజు

రోజూ తొలి వాయి పళ్ళెం కొలత గదికి తీసుకెళ్ళేది బుల్లెమ్మ పిన్ని. ఆమెకు ఇవాళ పడిశం పట్టింది. పళ్ళెం నాకిచ్చింది అత్త.

ఈ పళ్ళెం సంగతి రాయాలి. పన్నెండేళ్ళ కిందట కొలత పెట్టె కొత్తగా వచ్చినప్పుడు, ఇంటికొచ్చిన అతిథికి పెట్టినట్టు దానికీ తొలి వాయిలోదే పెట్టాలని అత్త అనుకుందట. వెన్న తీసిన పాలతో చేసింది అతిథికి పెడితే ఏం బాగుంటుంది? అప్పటి నుంచీ అదే పద్ధతి. పెట్టెకు ఒకటి, మిగతావి కట్ట పెద్దలకు. రెండో వాయీ మూడో వాయీ మునిగేవాళ్ళకు. పాకలోవాళ్ళం తొలి వాయి ముట్టుకోం.

దారిలో కాలు జారి పళ్ళెం ఒరిగింది. ఒక బిళ్ళ మూల విరిగి నా అరచేతిలో పడింది. విరిగింది పెద్దలకు పెట్టకూడదు కదా, నోట్లో వేసుకున్నాను.

అది నాలుకను వదల్లేదు. కొలత గదికి వెళ్ళి తిరిగి వచ్చేదాకా అలా మెత్తగా పరుచుకునే ఉంది. నేను రోజూ అచ్చుల గీకుడు తింటాను. అది తియ్యగా ఉంటుంది, చేదుగా ఉంటుంది, మింగగానే పోతుంది. అరచేయి చూసుకుంటే జిడ్డు మెరుస్తోంది.

వచ్చాక రెండు కాగితం ముక్కలు తీసుకున్నాను. ఒకదాని మీద తొలి వాయి పొడి, ఇంకోదాని మీద మూడో వాయి పొడి పెట్టి ఎండలో ఉంచాను. మధ్యాహ్నానికి మొదటి కాగితం నూనె పీల్చుకుని అద్దంలా అయింది. రెండోదాని మీద గోరంత మరక.

ఈ పేజీ ఇవాళ చదవలేదు. తలనొప్పి అని చెప్పాను. అబద్ధం.

228వ రోజు

పొద్దున అత్త పక్కన కూర్చుని గింజల పొట్టు తీస్తూ మూడుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లూ, "బెల్లం తరిగేదా అత్తా" అని అడిగి లేచిపోయాను.

మధ్యాహ్నం మా ఆయనతో అన్నాను. "మావా, మీరు తినేదీ పెట్టెకు పెట్టేదీ ఒకటి కాదు."

"అదేటే, అంతా అమ్మ చేసిందే గదా."

"వెన్న తీసేశాక చేసిందది."

"అమ్మ బిళ్ళ నూట పద్దెనిమిది అని తొమ్మిది కట్టల్లో తెలుసు. నువ్వొచ్చి నాలుగు నెల్లయింది," అన్నాడు. కోపంగా కాదు. ఆ నంబరంటే ఆయనకు ఎంత గొప్పో నాకు తెలుసు. నాకూ అంతే.

నోటితో చెప్పలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. సాయంత్రం నిన్నటిదీ ఇదీ కలిపి చదవాలి.

అత్తా, పిన్నీ, అందరూ వినండి. పెట్టె చెప్పేది తప్పు కాదు. తొలి వాయి బిళ్ళలో నూట పద్దెనిమిది ఉన్నాయి. మనవాళ్ళు తినేది తొలి వాయి కాదు. ఆ బిళ్ళల్లో వెన్న లేదు, ఉన్న కాస్త కొవ్వూ కోకోదే. ఎంత తక్కువో నాకు తెలీదు. తక్కువని మాత్రం తెలుసు. ఇంతకు ముందు పట్టీలో నిమిషాలు మిగిలి ఉండగానే వచ్చేసేవారు గనక ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు చివరి నిమిషం దాకా ఉంటున్నారు. ఆ చివరి నిమిషాలు బిళ్ళలో లేవు. మావారి ఒంట్లోంచి వస్తున్నాయి. రెండున్నర కిలోలు వచ్చేశాయి. ఎల్లుండి ఆయన బుంగలో దూరుతారు.

229వ రోజు

చదివాను. నిన్న సాయంత్రం, ఎక్కడా దాటేయకుండా.

అత్త చేతిలో గరిటె అలాగే ఉంది.

"అయితే పన్నెండేళ్ళు పెట్టెకి అబద్ధం పెట్టేనంటావా?" అంది.

పుస్తకం మూసి నిలబడే ఉన్నాను. "లేదత్తా. మర్యాద చేశారు. మనిషికి చేసినట్టు చేశారు. అది మనిషి కాదు గదా."

బుల్లెమ్మ పిన్ని ముక్కు తుడుచుకుని, "మా ఆయన పంచె ఈ మధ్య ఒక చుట్టు ఎక్కువ తిరుగుతోందొదినా. సాగిందేమో అనుకున్నా. పంచె ఎక్కడైనా సాగుద్దా," అంది.

"నీ మొగుడు తగ్గితే నీకు కనపళ్ళేదా?" అంది అత్త.

"ముప్పయ్యేళ్ళయింది చూడ్డం మానేసి."

అప్పుడు ఒకరిద్దరు నవ్వారు. అత్త నవ్వలేదు గాని గరిటె కింద పెట్టింది. మూడో వాయి పళ్ళెంలోంచి ఒక బిళ్ళ తీసుకుంది. ఆకు చుట్టలేదు. వట్టి చేత్తో పట్టుకుని బయటికి నడిచింది. వెనకాలే మేమందరం.

కొలత గది గుమాస్తా రామభద్రం గారు తలుపు వేయబోతున్నారు.

"ఇవాళ్టిది పొద్దున్నే అయిపోయింది గదండి సత్తెమ్మగారూ."

"ఇంకోటి వెయ్యండి బాబూ."

పెట్టె బిళ్ళను నలిపింది, కాసేపు గుర్రుమంది, చీటీ వదిలింది. ఆయన చీటీ చూసి, మమ్మల్ని చూసి, మళ్ళీ చీటీ చూశారు.

"పెట్టె పాతబడిపోయినట్టుందండి. పొద్దున శుభ్రం చేసి మళ్ళీ వేద్దాం లెండి. ఇది ఎవరికీ చూపించక్కర్లేదు."

"పెట్టె బాగానే ఉంది. ఎంతో చెప్పండి."

ఎనభై అయిదు.

కొవ్వు రెండున్నర గ్రాములు. చక్కెర మామూలే. మాంసకృత్తులు మూడు పాయింట్ రెండు. "ఇది మాత్రం పెరిగిందండి," అన్నారు రామభద్రం గారు, అత్తను ఓదార్చాలని కాబోలు. వెన్న పోతే పాలలో మిగిలే బలం అదే మరి.

ఎనభై అయిదును ఏడుతో భాగించాను. వేళ్ళ మీద, రెండుసార్లు. బిళ్ళకు పన్నెండు నిమిషాలు. పన్నెండింటికి రెండు గంటల ఇరవై నాలుగు. ముందు మూడు గంటల ఇరవై నాలుగు. సరిగ్గా ఒక గంట తేడా. ఇరవై రోజులుగా ప్రతి మనిషీ రోజుకొక గంట ఏమీ తినకుండా నీళ్ళ అడుగున పని చేశాడు.

అత్త గోడకు చేయి ఆనించి నిలబడింది. అంత పెద్ద మనిషి అలా నిలబడటం నేను ఎప్పుడూ చూడలేదు. తర్వాత చీటీ నాకిచ్చి, "పుస్తకంలో అంటించు," అంది. అంటించాను. ఈ పేజీ వెనకే ఉంది.

కట్ట మేస్త్రి వచ్చాడు. గంట తగ్గితే పౌర్ణమికి బుంగ పూడదన్నాడు. వెన్న తీయడం ఆపేస్తే సరిపోతుంది కదా అన్నాడు.

"ఆ నెయ్యి బాలింతలది. దాని జోలికి రాకు. నీకు మనుషులు కావాలంటే మునగడం మానేసిన పెద్దాళ్ళు పది మంది అరుగుల మీద కూర్చునున్నారు, పిలుచుకో. రెండు జట్లు చేసుకో," అంది అత్త. "ఇంకో మాట. రేపట్నుంచి తొలి వాయి లేదు. ఆ పాలు కూడా అన్నిట్లో కలిపేస్తాం. కట్ట పెద్దలకి బిళ్ళ తినాలనుంటే వచ్చి మునగమను."

మేస్త్రి ఆ పెద్దాళ్ళ పేర్లు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ వెళ్ళాడు.

ఇంటికొచ్చాక అత్త గుమ్మంలో ఆగి, కాళ్ళు కడుక్కునే చెంబు ముందు నాకిచ్చింది.

230వ రోజు

నిన్న పాలన్నీ కలిపి కాచాం. అన్ని బిళ్ళలూ ఒకటే. ఏది పెట్టెకు పెట్టాలో చూడకుండా, బుల్లెమ్మ పిన్ని కళ్ళు మూసుకుని ఒకటి తీసింది. చీటీ ఎనభై ఏడు. రెండు పెరిగింది. పాకలో ఆడవాళ్ళు ఆ చీటీని చేతులు మార్చుకుంటూ చూశారు. నూట పద్దెనిమిదిని అలా ఎవరూ చూసినట్టు నాకు తెలీదు.

అరుగుల మీది పెద్దవాళ్ళు పది మందిలో తొమ్మిది మంది వచ్చారు. బిళ్ళలు మొదట వాళ్ళకు పంచాం. మునక మానేసి ఎనిమిదేళ్ళయిన పైడయ్య బాబాయి పన్నెండూ లెక్కపెట్టుకుని తిన్నాడు, మధ్యలో నీళ్ళు కూడా తాగలేదు.

మొదటి జట్టుతో మా ఆయన దిగాడు. నేను పని వదిలి కట్ట మీద నిలబడ్డాను. అత్త చూసింది, రమ్మనలేదు. ఒక గంట. గాలి గొట్టం కదులుతూనే ఉంది. రెండు గంటలు. సరిగ్గా రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలకు పట్టీ అదిరిందని పైన దీపం వెలిగింది. తాడు పట్టుకున్నవాళ్ళు లాగలేదు, లాగినా లాభం లేదు. చూస్తున్నాం. నేను అంకెలు లెక్కపెట్టుకుంటున్నాను. మూడు వందల దాకా వచ్చాను.

ముందు చేతులు కనబడ్డాయి. గట్టు రాయిని పట్టుకున్నాయి, గట్టిగా. తనే ఎక్కాడు, తనే పట్టీ విప్పుకున్నాడు. ముడి మొదటిసారికే వచ్చేసింది.

"ఒక్క బస్తా ఉందిరా లోపల. అది కూడా పెట్టేసి రాకపోయావా," అన్నాడు తాడు దగ్గరి మనిషి.

"పట్టీ కొట్టింది. కొట్టాక ఉంటే మా ఇంటిది సాయంత్రం పుస్తకంలో రాసి అందరికీ చదివేస్తది," అన్నాడు ఆయన. అందరూ నా వైపు తిరిగారు. నేను వెనక్కి జరగలేదు.

ఆ ఒక్క బస్తా కోసం పైడయ్య బాబాయి దిగాలి. గాలి గొట్టం బిగించుకుంటూ ఆగాడు. నడుం మీద పట్టీ వెలుగుతూనే ఉంది, ఆయన దాన్ని చూడలేదు.

"ఇదిగో కోడలా, పన్నెండూ తిన్నాను. ఎంతసేపుండొచ్చు?"

"రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలు బాబాయి," అన్నాను. కట్ట చివర ఉన్నవాళ్ళకు కూడా వినపడింది.

ఆయన తలూపి దిగాడు. యాభై నాలుగు నిమిషాలకు బుంగ మూసి పైకి వచ్చాడు. పట్టీలో ఇంకా తొంభై నిమిషాలు ఉన్నాయి. అవన్నీ నిజంగా ఉన్న నిమిషాలే.